నాబ్ తిప్పే అధికారం

ప్రగతి అంటే వెలుగు కాబట్టి, కోడిపిల్లల షెడ్డుల్లో వెలుగు ఎంత ఎక్కువైతే అంత ప్రగతి అని రాష్ట్ర కుక్కుట వికాస మండలి తీర్మానించింది. తీర్మానం చేసే ముందు కోడిపిల్లల్ని అడగలేదు. మనుషుల్ని అడిగే అలవాటు కూడా మండలికి లేదు కనుక, ఇందులో పక్షపాతం ఉందని ఎవరూ అనలేరు.

పిల్లల్ని కొంత పెంచి ఊళ్ళలో మహిళా సంఘాలకు పంచడానికి మండలి కింద ఉన్న పెంపక కేంద్రాలన్నిటిలోనూ పాత పసుపు బల్బులు ఊడబెరికి తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు బిగించారు. గోరింటలంక కేంద్రంలో వాటిని వెలిగించిన సాయంత్రం, సినిమా షూటింగేమో అనుకుని ఊళ్ళోవాళ్ళు ప్రహరీ గోడ ఎక్కి చూశారు. హీరోయిన్ ఎవరూ కనిపించకపోయేసరికి దిగి వెళ్ళిపోయారు.

లోపల మాత్రం కోడిపిల్లలు ఒకదాన్నొకటి మొదటిసారి స్పష్టంగా చూసుకున్నాయి. కోడిపిల్లకు ఎర్రగా కనిపించినదాన్ని పొడవడం స్వభావం. మసక వెలుగులో తోక దగ్గర కొత్త ఈక కింద చర్మం దాని కంటికి ఆనదు. ఈ దీపాల కింద బాగా ఆనింది. ఒకటి పొడిచింది. నెత్తురు కనిపించింది. అది చూసి మిగతావి వచ్చాయి.

"డాక్టరమ్మగారండీ, ఇదిగోండి, ఇంకోదాని తోక పీకి పెట్టేసినియ్యండి," అంటూ నూకరత్నం కొంగులో ఒక పిల్లని పట్టుకొచ్చింది. షెడ్డులో మేత వేసేదీ, నీళ్ళు పెట్టేదీ, చచ్చినవాటిని ఏరేదీ ఆవిడే. "దీన్ని ఇడదీసి పక్కనెట్టేలోపల అక్కడ ఇంకోదాన్ని పట్టుకున్నాయండి. ఇవి కోళ్ళో రాబందులో నాకు తెలత్తా లేదండీ."

కేంద్రానికి అధికారి డాక్టర్ మృణాళిని. ఆవిడకు కారణం తెలుసు. పశువైద్యం చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. తెలియకుండా ఉండాలంటే మండలి ప్రధాన కార్యాలయంలో పనిచేయాలి. ఆవిడ అక్కడికి ఫోన్ చేసి, పాత బల్బులు తిరిగి పెట్టుకుంటామని అడిగింది. పాత బల్బులు వేలం వేశామనీ, వాటి హోల్డర్లు కూడా వేలం వేశామనీ, వెనక్కి నడవడం మండలి విధానం కాదనీ చెప్పారు.

సరేనని మామూలు ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటి తెచ్చి కొత్త దీపాలకు తగిలించి చూసింది. అవి తగ్గకపోగా మినుకు మినుకుమంటూ కొట్టుకున్నాయి. పిల్లలన్నీ బెదిరిపోయి ఒక మూలకు దొర్లి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అడుగున పడ్డవాటిని పైకి తీసేసరికి నూకరత్నం ఏడుపు మొహం పెట్టింది.

మృణాళినికి కాలేజీ రోజుల నుంచీ ఒక పిచ్చి ఉంది. హాస్టల్లో ఎవరి రేడియో చెడినా ఆవిడ మంచం కిందికి చేరేది. ఇప్పటికీ క్వార్టర్స్‌లో ఒక బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, తీగముక్కలు, విప్పేసిన డబ్బాలు పరిచి ఉంటాయి. ఆ బల్ల దగ్గరే కూచుని, పసుపు రంగు ఎల్‌ఈడీ పట్టీలు తెప్పించి, వాటికి సరైన కరెంటు ఇచ్చే డ్రైవర్ ఒకటి సొంతంగా తయారుచేసింది. వెలుగు తగ్గించాలనుకుంటే దానికి ఒక పొటెన్షియోమీటర్ తగిలించాలి. అంటే రేడియోలో గొంతు పెంచడానికీ తగ్గించడానికీ తిప్పే నాబ్ వెనక ఉండే భాగం.

పట్నంలో విడిభాగాల కొట్టు మస్తాన్‌ది. "వాల్యూమా మేడం? ఎంతది?" అన్నాడు, సొరుగు లాగుతూ.

"పది కిలో ఓములు. దీపాల కరెంటు దీంట్లోంచి పోదు. ఎంత వెలుగు కావాలో డ్రైవర్‌కి కబురు చెప్పడానికే. చిన్నది చాలు."

"బీ ఇమ్మంటారా, ఏ ఇమ్మంటారా? బీ అయితే తిప్పిన కొద్దీ సమానంగా పెరుగుద్ది. ఏ అయితే లాగ్. మొదట నెమ్మదిగా, చివర్లో గబగబా."

మృణాళిని రెండూ తీసుకుంది. ముందు బీ రకం బిగించి చూసింది. వెలుగు సమానంగా పెరగాలి కాబట్టి అదే సరైనదని ఆవిడా అనుకుంది. కానీ చీకట్లోంచి కొద్దిగా కదపగానే వెలుగు ఒక్క గెంతు గెంతింది. అక్కడి నుంచి నాబ్ చివరిదాకా తిప్పినా పెద్ద తేడా కనిపించలేదు. కంటి తీరే అంత. చీకట్లో కొంచెం పెరిగినా చాలా పెరిగినట్టుంటుంది, వెలుతురులో చాలా పెరిగినా తెలియదు. పిల్లలకు కావలసిన సన్నటి వెలుగంతా ఆ గెంతులో దాటిపోతోంది. దాన్ని తీసి ఏ రకం పెట్టింది. ఈసారి దీపం నిద్ర లేచినట్టు మెల్లగా వచ్చింది. షెడ్డు దుమ్ముకు లోపలి బొగ్గు పట్టీ పాడవకుండా మూత ఉన్నదాన్ని ఎంచి, దానికి ఒక నల్ల నాబ్ తొడిగింది.

తెల్ల దీపాలు ఆర్పి, పసుపు దీపాలు వెలిగించి, మేత తొట్టి కనపడేంత మాత్రం ఉంచి నాబ్ వదిలేసింది. నూకరత్నం, తను, షెడ్డు గుమ్మంలో నిలబడి చూశారు. ముందు అరుపు తగ్గింది. తర్వాత పరుగులు తగ్గాయి. ఒక పిల్ల పక్కదాని తోక దాకా వెళ్ళి, ఎందుకొచ్చిందో మర్చిపోయి, పొట్టు మీద కూలబడింది.

"ఒట్టండీ, జోల పాడినట్టుందండీ," అంది నూకరత్నం.

ఆ వారం చచ్చినవాటిని ఏరే పని ఆవిడకు పడలేదు. ఈ సంతోషంలో మృణాళిని ఒక పొరపాటు చేసింది. మిగతా కేంద్రాల్లోనూ పిల్లలు చస్తున్నాయి కదా, అందరికీ పనికొస్తుందని, తను చేసినదంతా వివరిస్తూ ప్రధాన కార్యాలయానికి రాసింది.

అందుకు జవాబుగా జాయింట్ డైరెక్టర్ అనంతశయనం గారు స్వయంగా వచ్చారు.

ఆయన మండలిలో చాలాకాలంగా ఉన్నారు. కోడిని ప్లేటులో తప్ప చూడలేదని గిట్టనివాళ్ళు అంటారు. అది అన్యాయం. ఆయన శాకాహారి. షెడ్డు గుమ్మంలో ఆగి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, లోపలికి పరికించారు.

"ఇచ్చట కాంతి తక్కువగా ఉన్నది," అన్నారు.

"అవును సార్. అందుకే పొడుచుకోవడం మానేశాయి."

"అది ఫలితం. నేను విధానం గురించి మాట్లాడుతున్నాను. ఫలితం బాగున్నంత మాత్రాన విధాన ఉల్లంఘనను ఉపేక్షించినట్లయితే, రేపు ప్రతివారూ మంచి ఫలితాలు సాధించి కూర్చుంటారు." ఆయన చూపు గోడ మీది డబ్బాకు వెళ్ళింది. "అది ఏమిటి?"

"నాబ్ సార్. తిప్పితే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది."

"ఎవరు తిప్పినా?"

"ఎవరు తిప్పినా సార్."

ఆయన రుమాలు తీసేశారు. వాసన కన్నా పెద్ద విపత్తు కనిపించింది ఆయనకు. "డాక్టర్ గారూ, మీరు గ్రహించడం లేదు. తిరుగునది అనగా విచక్షణ. విచక్షణ అనగా అధికారం. అధికారం అనగా దానిని ఎవరికో ఒకరికి దఖలు పరచవలెను. ఈ కేంద్రంలో కాంతిని తగ్గించు అధికారం మీకు ఎవరు దఖలు పరిచారు?"

"ఎవరూ పరచలేదు సార్. పిల్లలు చస్తుంటే..."

"మరణించుటకు వాటికి అధికారం అక్కర లేదు. తిప్పుటకు మీకు అక్కర ఉన్నది."

నాబ్‌తో సహా పొటెన్షియోమీటర్‌ను ఊడదీయించి, కవర్లో పెట్టించి, లక్క వేయించారు. నాబ్ నుంచి ఏ కబురూ రాకపోతే పూర్తి వెలుగు ఇవ్వాలని డ్రైవర్ అనుకుంటుంది. దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. ఆయన కళ్ళు చిట్లించుకుని, "ఆ! ఇప్పుడు ప్రగతి కనిపిస్తున్నది," అని కారెక్కారు. కారు గేటు దాటకముందే షెడ్డులో అరుపులు మొదలయ్యాయి.

ప్రధాన కార్యాలయంలో పొటెన్షియోమీటర్ ఎంపిక కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు అనంతశయనం గారు. ఫైనాన్స్ నుంచి దుర్వాసులు గారు, ఇంజనీరింగ్ నుంచి కోదండపాణి గారు సభ్యులు. మృణాళిని ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే అడిగితే తప్ప మాట్లాడకూడదు.

జీడిపప్పు వచ్చింది. అనంతశయనం గారు లక్క కవరు బల్ల మధ్యలో పెట్టించి ప్రారంభించారు.

"దీని పేరును మన అనువాద విభాగం శక్మమాపకం అని ఖరారు చేసింది. మాపకం అనగా కొలుచునది. డాక్టర్ గారూ, ఇది దేనిని కొలుచును?"

"ఇది దేన్నీ కొలవదు సార్. పేరులో మీటర్ ఉంది, అంతే."

కోదండపాణి గారు జీడిపప్పు నమలడం ఆపారు.

"అనగా కొలవని మాపకం," అన్నారు అనంతశయనం గారు. "లోపభూయిష్టమైన పరికరాన్ని కోడిపిల్లల షెడ్డులో వాడినారన్నమాట. రాసుకోండి."

తర్వాత రకం గురించి చర్చ. సమానంగా పెరిగేదొకటి, మొదట నెమ్మదిగా పెరిగేదొకటి ఉంటాయనీ, కోడిపిల్లలకు సన్నటి వెలుగులోనే పట్టు కావాలి కనుక రెండోది మేలనీ, తను రెండూ పెట్టి చూశాననీ మృణాళిని చెప్పింది.

దుర్వాసులు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అమ్మా, నాకు సైన్సు తెలియదు. కానీ న్యాయం తెలుసు. మొదటి తిప్పుకు తక్కువ ఇచ్చి, చివరి తిప్పుకు ఎక్కువ ఇవ్వడం అంటే ఏమిటి? వివక్ష కాదూ? తిప్పినంత మేరకు సమానంగా ఇచ్చేది ఉండగా, ప్రభుత్వ ధనంతో పక్షపాత బుద్ధి గల నాబ్ కొంటే రేపు ఆడిట్‌కు నేను ఏం చెప్పుకోవాలి?"

"సార్, అది కంటికి సంబంధించిన..."

"కన్ను వ్యక్తిగతం. సమానత్వం రాజ్యాంగబద్ధం."

సమానత్వం ఏకగ్రీవంగా గెలిచింది. ఆ వెంటనే దుర్వాసులు గారు మరో చిక్కు పట్టారు. పది కిలో ఓములదీ, మెగా ఓముదీ ఒకే ధరకు వస్తున్నాయి. ఒకే ధరకు వందరెట్లు వస్తుండగా కమిటీ చిన్నదాన్ని ఎందుకు కోరుతోంది? ఎవరి ప్రయోజనాల కోసం? మృణాళిని నోరు తెరిచేలోగా, ఓములు ఎన్ని ఎక్కువ ఉంటే అన్ని కొనాలని మినిట్స్‌లోకి ఎక్కింది.

అప్పటిదాకా మౌనంగా ఉన్న కోదండపాణి గారికి ఇంజనీరింగ్ ఆవేశం వచ్చింది. ఆయన వంతెనల మనిషి. కవరు చింపి, ఆ చిన్న భాగాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, "ఇదేమిటండీ, చెవిదుద్దులా ఉంది!" అన్నారు. "షెడ్డు మొత్తం లోడు దీని మీద పడితే?"

"పడదు సార్. ఇది కాలవ తూము కాదు. తూము తియ్యమని చెప్పే మనిషి లాంటిది. నీళ్ళు మనిషిలోంచి పోవు కదా."

"వరదొస్తే?"

"సార్?"

"వరదొస్తే మనిషి కొట్టుకుపోడూ? నా సర్వీసులో వరద తట్టుకోనిదాన్ని దేన్నీ నేను కట్టలేదు. మొత్తం లోడుకు నాలుగింతలు తట్టుకునేది పెట్టాలి." చేతులతో బల్ల మీద ఒక పెద్ద గుమ్మడికాయ ఆకారం చూపించారు. "కనీసం ఇంత."

సమావేశం ముగిసేముందు మృణాళిని అడగకుండానే లేచింది. "సార్, మీరు ఏది కొన్నా కొనండి. అది వచ్చేదాకా నా పాతది నాకిచ్చేయండి. రోజూ పిల్లలు చస్తున్నాయి. వాటిని నమ్ముకుని ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

అనంతశయనం గారు జాలిగా చూశారు. "డాక్టర్ గారూ, ఆవేశం వద్దు. మరణాల విషయమై వేరొక కమిటీ ఉన్నది. అది వాటిని అంతర్గత కలహాలుగా వర్గీకరించింది. అంతర్గత కలహాలలో మండలి జోక్యం చేసుకొనజాలదు."

తిరుగు బస్సులో ఆవిడకు కోపంతో తల పగిలిపోయింది. గోరింటలంకలో దిగేసరికి కోపం పోయి పట్టుదల మిగిలింది. క్వార్టర్స్‌కు వెళ్ళకుండా నేరుగా షెడ్డుకు వెళ్ళింది. నూకరత్నం, తను కలిసి మేత వచ్చిన గోనెసంచులు కోసి, దీపాలకు తెరల్లా కట్టారు. వెలుగు సంచుల సందుల్లోంచి పడి మెత్తబడింది. నాబ్ లేకుండానే పిల్లలు సద్దుమణిగాయి.

ఆ ప్రశాంతత వెలుగు పర్యవేక్షణ బృందం జీపు దిగేదాకా నిలిచింది. ఆ బృందం చేతిలో వెలుతురు కొలిచే యంత్రం ఉంది. అది నిజంగానే కొలుస్తుంది. నాలుగు రోజుల్లో మృణాళినికి మెమో వచ్చింది. ప్రభుత్వ కాంతిని నేలకు చేరకుండా నిరోధించినందుకు, తద్వారా కాంతిని సంచులలో అక్రమంగా నిల్వ చేసినందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని, సంచులను వెంటనే తొలగించి కాంతిని విడుదల చేయాలని.

ఆవిడ మెమో నూకరత్నానికి చదివి వినిపించింది.

"నిలవెట్టామాండీ?" అంది నూకరత్నం సంచిని విప్పి లోపలికి చూస్తూ. "ఇందులో తవుడు తప్ప ఏం లేదండీ."

సంచులు తీశారు. తీయకపోతే తీయడానికి మనుషుల్ని పంపేవారు. ఒక పూట గడిచేసరికి నూకరత్నం తట్ట నిండింది. మృణాళిని ఆ తట్ట మీదికి వంగింది. ఒక పిల్ల ఇంకా ఊపిరి తీస్తోంది. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. వెచ్చగా ఉంది. నాబ్ తిప్పడానికి తనకు అధికారం లేదు, సంచి కట్టడానికి లేదు. అయితే పిల్లలు పంపిణీకి యోగ్యమని ధ్రువీకరించే అధికారం మాత్రం కేంద్రం డాక్టరుదే. అది తీసేయడం ఎవరికీ తట్టలేదు. మామూలుగా ఇంకా పెద్దయ్యాక ఇస్తారు. అలాగని ముందు ఇవ్వకూడదని ఎక్కడా లేదు.

"నూకరత్నం, మహిళా సంఘాలవాళ్ళకి కబురు చెయ్యి. రేపు పొద్దున్నే గంపలు తెచ్చుకోమను. అందరినీ."

"ఇప్పుడేనాండీ? మరి పైవోళ్ళు?"

"పైవాళ్ళకి రాస్తాలే. ఇచ్చేశాక రాస్తాను."

మర్నాడు కేంద్రం ముందు గంపలు, బుట్టలు, ఒకామె దగ్గర పాత ఫ్యాను జాలీ కూడా. మృణాళిని ప్రతి ఒక్కరికీ చెప్పింది, మసక వెలుగులో ఉంచమని, ఒకటి దెబ్బ తగిలితే విడదీసి పసుపు రాయమని. వరసగా సంతకాలు పెట్టింది. ఉద్యోగం పోతే ఏం చెయ్యాలా అని మధ్యాహ్నం దాకా ఆలోచించింది. సాయంత్రానికి షెడ్డు ఖాళీ అయ్యాక, చాలా రోజుల తర్వాత ఆకలేసి అన్నం తింది.

ప్రధాన కార్యాలయం నుంచి ఏ కోపమూ రాలేదు. అక్కడ అందరూ టెండర్ల హడావుడిలో ఉన్నారు. షెడ్డు నాబ్ కోసం సిద్ధం కావలసి ఉన్నందున కొత్త బ్యాచ్ కూడా పంపలేదు. మృణాళిని రాసిన ఉత్తరాన్ని ఎవరో 'పిల్లల విషయం, సంబంధం లేదు' అని పక్కన పెట్టారు.

నాబ్ లారీలో వచ్చింది. కోదండపాణి గారు బల్ల మీద చూపించిన గుమ్మడికాయ కన్నా కొంచెం పెద్దదే. గోడ మోయలేదని తేల్చి, షెడ్డు మధ్యలో సిమెంటు దిమ్మ కట్టి దాని మీద బిగించారు. పైన గ్లాసు మూత, ఆ మూతకు తాళం. తిప్పే అధికారాన్ని కూడా దఖలు పరిచారు. పావు తిప్పు జాయింట్ డైరెక్టరుకు, సగం తిప్పు మేనేజింగ్ డైరెక్టరుకు, పూర్తి తిప్పు మండలి సమావేశానికి. వెనక్కి తిప్పడం గురించి అభిప్రాయ భేదాలు రావడంతో దాన్ని ఉపసంఘానికి వదిలారు. కేంద్రం డాక్టరుకు మూత తుడిచే అధికారం దక్కింది.

ప్రారంభోత్సవానికి మండలి ఛైర్మన్ గారు వచ్చారు. పందిరి, బ్యాండు, శాలువలు. ఖాళీ షెడ్డులో కొత్త పొట్టు పరిచి, సున్నం కొట్టి, గుమ్మానికి బంతిపూలు కట్టారు. అందరూ లోపలికి వెళ్ళి దిమ్మ చుట్టూ నిలబడ్డారు. కోడిపిల్లలు లేవన్న సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది. వాసన లేనందుకు అందరూ లోలోపల సంతోషించారు.

ఛైర్మన్ గారు రెండు చేతులతో నాబ్ పట్టుకుని తిప్పారు. దీపాలు భగభగ మండుతూనే ఉన్నాయి. ఇంకా తిప్పారు. ఏమీ తగ్గలేదు. చమటలు పట్టాయి. అవసరానికి వందరెట్లున్న ఆ నాబ్‌లో డ్రైవర్‌కి తెలిసే భాగం చివర వెంట్రుక మందమే. ఛైర్మన్ గారు పళ్ళు బిగించి ఆ వెంట్రుక దాటేసరికి, పట్టపగలు కిటికీలన్నీ మూసిన షెడ్డు ఒక్కసారి కటిక చీకటైపోయింది. ఎవరి కాలో ఎవరో తొక్కారు. చీకట్లోనే చప్పట్లు మోగాయి.

కిటికీలు తెరిచాక అనంతశయనం గారు మైకు తీసుకున్నారు. "ఈ పరికరం అమర్చిన క్షణం నుండి ఈ షెడ్డులో ఒక్క కోడిపిల్ల కూడా మరొక కోడిపిల్లను పొడవలేదని తెలియజేయుటకు గర్విస్తున్నాను."

మృణాళిని మొదటి వరసలోంచి లేచింది. ఇక తనకు పోయేదేమీ లేదనుకుంది. "షెడ్డులో పిల్లలు లేవు సార్," అంది, అందరికీ వినపడేలా.

ఆవిడ ఊహించినట్టు ఎవరూ తెల్లబోలేదు. అనంతశయనం గారు చిరునవ్వు నవ్వారు. "గమనించాము డాక్టర్ గారూ. మరణాలు శూన్యం, గాయాలు శూన్యం, మేత ఖర్చు శూన్యం. మూడు శూన్యాలు సాధించిన కేంద్రం రాష్ట్రంలో ఇదొక్కటే." ఛైర్మన్ గారు ఆవిడకు శాలువ కప్పారు. ఫొటోలో ఆవిడ మొహం కనపడకుండా దుర్వాసులు గారి భుజం అడ్డం వచ్చింది.

సభ అయ్యాక విందు, విందు అయ్యాక అనంతశయనం గారు కేంద్రం ఆవరణలోని గెస్ట్ రూములో కునుకు తీసి, సాయంత్రం చల్లబడ్డాక వెళ్ళిపోయారు.

వారం తిరిగేసరికి కొత్త ఉత్తర్వులు వచ్చాయి. శక్మమాపకం విలువైన ఆస్తి అయినందునా, కోడిపిల్లల ఈకలూ దుమ్మూ దానికి హానికరమని సరఫరాదారు తెలియపరిచినందునా, దానిని అమర్చిన షెడ్డులలోకి కోడిపిల్లలను అనుమతించరాదు. షెడ్డుకు సీలు వేయించాలి. ఆ సీలు వేసిన మర్నాడే హేచరీ వ్యాను వచ్చి, అట్టపెట్టెల నిండా ఒక రోజు వయసు పిల్లల్ని దింపి వెళ్ళింది. పంపేవాళ్ళది వేరే విభాగం.

పెట్టెలు కిచకిచలాడుతున్నాయి. మృణాళిని ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసి, పిల్లల్ని ఎక్కడ పెట్టాలని అడిగింది. అది తమ కమిటీ పరిధిలోకి రాదని అనంతశయనం గారి పి.ఎ. చెప్పాడు.

ఆవరణలో తలుపు ఉన్న గదులు ఇక రెండే. ఒకటి ఆఫీసు. రెండోది గెస్ట్ రూము. ఆవిడ గెస్ట్ రూము తాళం తీసింది. సారు వెళ్ళిన తర్వాత ఎవరూ అందులోకి రాలేదు. కిటికీలకు దళసరి కర్టెన్లు, మెత్తటి పరుపు. మంచం పక్కన గోడకు అందమైన దీపం ఒకటి, ఇంకా వెలుగుతూనే ఉంది. వెలుగుతోందంటే వెలుగుతోంది, అంతే. కాచిన పాల రంగులో, మసకగా. దాని కింద ఇత్తడి నాబ్ ఉంది. అధికారుల కళ్ళకు శ్రమ కలగకుండా ఎప్పుడో కొన్నారట. దానికి కమిటీ వేసిన జాడ లేదు.

మృణాళిని ఆ దీపం వైపు చాలాసేపు చూసి, మొదటిసారి పెద్దగా నవ్వింది.

"మంచం బయటికి లాగు నూకరత్నం. పొట్టు తీసుకురా."

మొదటి రోజుల్లో మేతా నీళ్ళూ కనపడడానికి తన బల్ల మీది దీపం తెచ్చి పెట్టింది. వెచ్చదనానికి బ్రూడర్ ఉంది. పిల్లలు తిండికి అలవాటు పడ్డాక బల్ల దీపం తీసేసి, గోడ దీపాన్ని మాత్రం ఉంచింది. రోజులు గడిచాయి. తోకలు వచ్చాయి. తోకలు ఉన్నచోటే ఉన్నాయి.

అనంతశయనం గారు మూడు శూన్యాలను పరిరక్షిస్తున్నారో లేదో చూడడానికి మళ్ళీ వచ్చారు. సీలు చూశారు. గ్లాసు మూత మీద దుమ్ము లేదని కిటికీలోంచి ధ్రువీకరించుకున్నారు. భోజనం అయ్యాక ఆవులిస్తూ గెస్ట్ రూము తలుపు తోశారు.

తోసి, అక్కడే నిలబడిపోయారు. గోడ నుంచి గోడకు కోడిపిల్లలు. కొన్ని మేత తింటున్నాయి, కొన్ని రెక్కలు చాపుకుని పడుకున్నాయి. ఒకటి వచ్చి ఆయన బూటు లేసును తల వంచి చూసి వెళ్ళిపోయింది.

"ఇది... ఈ గదిలో..." చివరకు ఆయన మనసులోని అధికారి మేల్కొన్నాడు. "ఇచ్చట కాంతి తగ్గించబడి ఉన్నది! ఎవరి ఉత్తర్వు మీద?"

మృణాళిని చేతులు కట్టుకుంది.

"మీ ఉత్తర్వు మీదే సార్. ఆ రోజు పడుకునేముందు మీరే పావు తిప్పు తిప్పి వెళ్ళారు. వెనక్కి తిప్పే విషయం ఇంకా ఉపసంఘంలోనే ఉంది కదా, అందుకని మేమెవరమూ ముట్టుకోలేదు."

ఆయన చెయ్యి ఇత్తడి నాబ్ దాకా వెళ్ళి, గాలిలో ఆగింది.